అలైన్‌మెంట్ రిపోర్టు అంతా పచ్చగానే ఉంది, అయినా మోటర్‌హోమ్ లైన్లో నిలవడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 8 మీటర్ల మోటర్‌హోమ్ (ఇల్లులా అమర్చిన బండి), వీల్‌బేస్ (ముందు వెనక యాక్సిల్‌ల మధ్య దూరం) 4 మీటర్లు, వెనక జంట టైర్లు. వేగం 80 దాటిందంటే బండి ఒక లైన్లో ఉండదు, స్టీరింగ్ అటూ ఇటూ దిద్దుతూనే ఉండాలి, పెద్ద లారీ పక్క నుంచి వెళ్తే ఎవరో తోసినట్టు ఉంటుంది. రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించారు, రెండుసార్లూ రిపోర్టులో అన్ని గడులూ పచ్చగానే వచ్చాయి. ఇప్పుడేమో స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకుని తగ్గించే పరికరం) పెట్టించుకోమంటున్నారు. పెట్టించాలా, వద్దా?

వద్దండి, ఇప్పుడే వద్దు. మూడోసారి అలైన్‌మెంట్‌కి కూడా ఇప్పుడే వెళ్ళకండి. ముందు బండిని తూకం వేయించండి, ఆ బరువుకి తగ్గట్టు టైర్లలో గాలి సరిచేయండి, తర్వాత స్టీరింగ్ జాయింట్లలో ప్లే, అంటే వదులు, ఉందేమో చూపించండి, ఆ తర్వాత బండి ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఇవన్నీ అయ్యాక, మామూలుగా ప్రయాణంలో ఉండే సామానంతా ఎక్కించుకుని అప్పుడు అలైన్‌మెంట్‌కి వెళ్ళండి. డ్యాంపర్ సంగతి అన్నిటికంటే చివర. పెద్ద బండ్ల ముందు యాక్సిల్ పనులు నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను, వచ్చే మోటర్‌హోమ్‌లలో ఎక్కువ భాగం అలైన్‌మెంట్ దాకా వెళ్ళకుండానే సగానికి సగం బాగుపడతాయి. వరస తప్పితే మాత్రం డబ్బులు పోతాయి, బండి అలాగే ఉంటుంది.

రిపోర్టులో పచ్చ రంగు గురించి ముందు చెప్తాను, చాలామంది అక్కడే ఆగిపోతారు కాబట్టి. తయారీదారు ప్రతి కోణానికీ ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం ఇస్తాడు. ఆ రెంటి మధ్య ఎక్కడున్నా మెషీన్ పచ్చే చూపిస్తుంది. క్యాస్టర్‌కి (చక్రం తిరిగే కీలు గీత వెనక్కి వాలే కోణం, వివరంగా తర్వాత చెప్తాను) పరిధి 2.5 నుంచి 6.5 డిగ్రీలు అనుకుందాం. 2.7 ఉన్నా పచ్చే, 5.8 ఉన్నా పచ్చే. హైవే మీద మాత్రం ఆ రెండు బండ్లకీ పోలికే ఉండదు. పైగా కొలత తీసిన రోజు బండి ఖాళీగా ఉందా, నీళ్ళ ట్యాంకు నిండుగా ఉందా, వెనక సైకిళ్ళు తగిలించి ఉన్నాయా అనేది ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఇంకోటి, మెషీన్ ఆగి ఉన్న చక్రాల కోణం కొలుస్తుంది. టై రాడ్ ఎండ్ (చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కడ్డీ చివరి జాయింటు) అరిగి వదులుగా ఉంటే, ఆ క్షణానికి అది ఏ పక్కకి ఆనుకుని ఉందో ఆ లెక్కే వస్తుంది. రోడ్డెక్కాక అది ఇంకో పక్కకి జరుగుతుంది, లెక్క మారిపోతుంది, మీ చేతిలో కాగితం మాత్రం పచ్చగానే ఉంటుంది.

సరే, పని మొదలుపెట్టే ముందు బండి అసలు ఏం చేస్తోందో కాస్త గమనించి చెప్పాలి. "స్టీరింగ్ బాలేదు" అంటే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతోందా? అది వేరే జబ్బు, టైరు, బ్రేకు పట్టేయడం, లేదా రెండు పక్కల క్యాస్టర్, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) తేడా. కాసేపు కుడికి, కాసేపు ఎడమకి తనంతట తను జారుతోందా? అదీ మీరు చెప్తున్నది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే మధ్యకి రాకుండా తిప్పిన పక్కనే ఉండిపోతోందా? ఇది మూడోది, దీనికి కారణం వదులు కాదు, బిగువు. ముందు చక్రాలు బాగానే ఉండి వెనక భాగం ఊగుతోందా? అది నాలుగోది. మీ బండిలో రెండోది, నాలుగోది కలిసి ఉన్నట్టు నాకు అనిపిస్తోంది, ఎందుకంటే లారీ సంగతి మీరే చెప్పారు. లారీ ఓవర్‌టేక్ చేసేటప్పుడు దాని ముందు తోసుకొచ్చే గాలి మొదట మీ బండి వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది, దాంతో మీ ముక్కు లారీ వైపు తిరుగుతుంది, మీరు దిద్దుతారు, ఈలోగా ఆ గాలి ముందు భాగానికి వచ్చి దాన్ని లారీకి దూరంగా నెడుతుంది. మీరు దిద్దినదీ, అదీ కలిసి రెట్టింపవుతాయి. వెనక ఓవర్‌హ్యాంగ్ (వెనక యాక్సిల్ దాటి బయటికి ఉండే భాగం) ఎంత పొడుగుంటే ఇది అంత ఎక్కువ.

తూకం

మీ బండి కొలతలే తీసుకుందాం. 8 మీటర్ల పొడవుకి 4 మీటర్ల వీల్‌బేస్ అంటే సరిగ్గా సగం. ఇది తక్కువే. 54, 55 శాతం ఉన్న బండ్లు పుట్టుకతోనే నిలకడగా ఉంటాయి, 50 దగ్గర ఉన్నవాటితో ప్రతి చిన్న విషయమూ లెక్కలోకి వస్తుంది. వీల్‌బేస్ మార్చలేం కదా, అందుకని బరువు ఎక్కడుందో చూడాలి. వెనక యాక్సిల్ దాటాక పెట్టిన ప్రతి కిలో ముందు యాక్సిల్‌ని పైకి లేపుతుంది, తూగుడుబల్ల మాదిరి. లెక్క సులువు. వెనక బంపర్ బయట, యాక్సిల్ నుంచి 3.2 మీటర్ల దూరంలో 100 కిలోలు తగిలించారనుకోండి. 100 × 3.2 ÷ 4, అంటే ముందు యాక్సిల్ మీద నుంచి 80 కిలోలు పోయాయి, వెనక యాక్సిల్ మీద 180 కిలోలు పెరిగాయి. అదే ఓవర్‌హ్యాంగ్‌లో యాక్సిల్‌కి 1.5 మీటర్ల వెనక 150 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంటే, నింపినప్పుడు ముందు నుంచి ఇంకో 56 కిలోలు పోతాయి. రెండూ కలిపితే దాదాపు 135 కిలోలు. ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు ఎందుకు లేదో ఇక్కడే సగం జవాబు దొరుకుతుంది.

వేబ్రిడ్జికి వెళ్ళేటప్పుడు ఖాళీ బండి తీసుకెళ్ళకండి. నీళ్ళు, డీజిల్, గ్యాస్, సామాను, మనుషులు, మీరు మామూలుగా ఎలా బయల్దేరతారో అలాగే వెళ్ళండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఒక తూకం, వెనకది మాత్రమే ఇంకొకటి. వీలుంటే కుడి ఎడమలు విడివిడిగా కూడా తీయించండి. వంటిల్లు, ఫ్రిజ్, బ్యాటరీలు అన్నీ ఒకే పక్క ఉన్న బండ్లు చాలా ఉంటాయి, ఆ తేడా చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ అంకెల్ని ఛాసిస్ ప్లేటు మీద ఉన్న యాక్సిల్ పరిమితితో పోల్చండి. వెనక యాక్సిల్ పరిమితి దాటి ఉంటే ఇక స్టీరింగ్ గురించి మాట్లాడేదేమీ లేదు, ముందు ఆ బరువు దించాలి.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన బండికి వెనక మోటర్‌సైకిల్ క్యారియర్ ఉండేది. వేరేచోట టై రాడ్లు మార్పించాడు, అలైన్‌మెంట్ చేయించాడు, కొత్త టైర్లు కూడా వేయించాడు. తూకం వేస్తే ముందు యాక్సిల్ దాని పరిమితికి చాలా దూరంలో ఉంది, వెనకది దాదాపు అంచున ఉంది. మోటర్‌సైకిల్ దించి, వెనక డిక్కీలో ఉన్న పనిముట్ల పెట్టె, అదనపు బ్యాటరీ రెండు యాక్సిల్‌ల మధ్యకి తెచ్చి ఒక రౌండు వెళ్ళొచ్చాం. పానా ముట్టుకోలేదు. ఆయనే నడిపాడు, తిరిగొచ్చాక ఆ క్యారియర్ ఊడదీసేయమన్నాడు.

గాలి

టైరు పక్క గోడ మీద రాసి ఉన్న పీఎస్ఐ మీరు కొట్టించాల్సిన గాలి కాదు. అది ఆ టైరు తన గరిష్ఠ బరువు మోయడానికి కావలసిన గాలి. ముందు యాక్సిల్ మీద అంత బరువు లేనప్పుడు కూడా ఆరు టైర్లకీ అదే కొట్టిస్తారు, "గట్టిగా ఉంటే మంచిది" అని. ముందు టైరు అప్పుడు నడిమిభాగం మీద మాత్రమే ఆనుతుంది, రోడ్డు మీద ప్రతి గాడినీ, ప్రతి ఎత్తుపల్లాన్నీ వెతుక్కుంటూ పోతుంది. మీ లాంటి ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసే కారణం ఇదే. టైరు కంపెనీలు బరువుకి ఎంత గాలి కావాలో పట్టికలు ఇస్తాయి. మీ టైరు సైజు, మీ తూకం, రెండూ పెట్టుకుని ఆ పట్టిక చూడండి. ఒక యాక్సిల్‌కి రెండు పక్కలా ఒకే గాలి ఉండాలి, బరువు ఎక్కువున్న పక్కని బట్టి అది నిర్ణయించాలి. దాని మీద కొద్దిగా ఎక్కువ ఉంచితే ఫరవాలేదు, పట్టికలో ఉన్నదానికంటే తక్కువ మాత్రం ఎప్పుడూ వద్దు. గాలి తగ్గిస్తే మెత్తగా బాగుందని ఇంకా ఇంకా తగ్గించేవాళ్ళున్నారు, అలా చేస్తే పక్క గోడలు వేడెక్కి టైరు పేలుతుంది.

కొలిచేది చల్లటి టైరులో, అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. 80 పీఎస్ఐ ఉండే టైరులో వాతావరణం 6 డిగ్రీల సెల్సియస్ మారితే దాదాపు 2 పీఎస్ఐ మారుతుంది. పరుగెత్తి వచ్చిన టైరులో గాలి పెరగడం సహజం, ఎక్కువైందని అక్కడ తీసేయకండి.

వెనక జంట టైర్ల గురించి ఒక మాట. లోపలి టైరు ఎవరూ చూడరు. వాల్వ్ ఎక్స్‌టెన్షన్ కారుతూ లోపలి టైరు సగం గాలితో తిరుగుతున్న బండ్లు ఎన్నో. పక్కది బరువు మోస్తుంటుంది కాబట్టి చూసేవాళ్ళకి తేడా కనిపించదు, కానీ వెనక భాగం మెత్తగా ఊగుతుంది. కాలితో తన్ని చూసి లాభం లేదు, గేజ్ పెట్టాల్సిందే. జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది ఉండటం కూడా మంచిది కాదు.

టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. మోటర్‌హోమ్ టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి, ట్రెడ్ కొత్తగా కనిపిస్తుంది, లోపల రబ్బరు గట్టిపడి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. మరోపక్క, ఇప్పుడే కొత్త టైర్లు వేయించారంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కాస్త ఊగినట్టు ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకండి.

జాయింట్లలో ప్లే

దీనికి మెషీన్ అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. బండి సమతలం మీద, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, జాకీ ఎక్కించకుండా, బరువు చక్రాల మీదే ఉంచి, పవర్ స్టీరింగ్ పనిచేయడానికి ఇంజన్ ఆన్ చేసి ఉంచాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని గడియారంలో 10 నుంచి 2 దాకా, చిన్నగా, ఆపకుండా అటూ ఇటూ తిప్పుతుంటారు. ఇంకొకరు కింద నుంచి ఒక్కో జాయింటునీ చూడాలి, వేళ్ళు ఇరుక్కోకుండా జాగ్రత్తగా. స్టీరింగ్ తిరిగింది, షాఫ్టు తిరిగింది, బాక్స్‌లోకి వెళ్ళింది, పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికొచ్చే చేయి) కదిలింది, డ్రాగ్ లింక్ (ఆ చేయిని చక్రం వైపు కలిపే కడ్డీ) కదిలింది, చక్రం కదిలింది, ఈ వరసలో కదలిక ఎక్కడ తప్పిపోతోందో అక్కడ ఉంది మీ జబ్బు. జాకీ ఎక్కించి చూస్తే బరువు లేక ఈ ప్లే బయటపడదు, చాలాచోట్ల చేసే తప్పు ఇదే.

స్టీరింగ్ కాలమ్ కింద ఉండే యూ-జాయింట్ మర్చిపోకండి, తుప్పు పట్టి వదులవుతుంది. స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి బిగించిన బోల్టులు చూడండి. స్టీరింగ్ తిప్పినప్పుడు బాక్స్ మొత్తం కదులుతుంటే బోల్టు వదులైనా అయ్యుండాలి, అక్కడ ఛాసిస్ రైలుకి పగులైనా వచ్చుండాలి. పాత షెవర్లే పీ-30 ఛాసిస్ మీద కట్టిన బండ్లలో బెల్ క్రాంక్ అనే మధ్య భాగం ఉంటుంది, అందులో ప్లే వస్తే మిగతావన్నీ కొత్తవి వేసినా బండి నిలవదు.

ఇది అయ్యాక ఇప్పుడు జాకీ పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగుతోందా? ఇంకొకర్ని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కితే ఊగడం ఆగిపోతే వీల్ బేరింగ్, తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్, అంటే ముందు చక్రం పక్కలకి తిరిగే కీలు. ఈ చిన్న కిటుకుతో అనవసరంగా బేరింగులు మార్చే పని తప్పుతుంది.

వదులు గురించే అందరూ మాట్లాడతారు కానీ బిగువు కూడా అంతే ఇబ్బంది. కింగ్ పిన్‌లకి గ్రీజు అందక పట్టేసినట్టు ఉంటే, మీరు కొద్దిగా కుడికి తిప్పితే చక్రం కుడికే ఉండిపోతుంది, ఎడమకి దిద్దితే ఎడమకే ఉండిపోతుంది. నడిపేవాడికి అది వదులుగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ జరిగేది పూర్తిగా ఉల్టా. ఖాళీ స్థలంలో నెమ్మదిగా వెళ్తూ ఒక మలుపు తిప్పి చేతి పట్టు సడలించి చూడండి, స్టీరింగ్ తనంతట తను మధ్యకి రావాలి. రాకపోతే గ్రీజు సంగతి చూడండి. గ్రీజు కొట్టేటప్పుడు ముందు యాక్సిల్ లేపి, చక్రాలు గాల్లో ఉండగా కొట్టాలి, బరువు మీద ఉన్నప్పుడు కొడితే థ్రస్ట్ బేరింగ్ దాకా గ్రీజు వెళ్ళదు. ఒక బండికి ప్రతి సర్వీసులోనూ గ్రీజు కొట్టామని రాసి ఉంది, నిపిల్ నుంచి గ్రీజు బయటికి కారిపోతోంది, లోపలికి పోతేగా! ఆ పిన్‌లు విప్పి, దారి శుభ్రం చేసి, మళ్ళీ బిగించాక ఆ బండికి ఇంకేమీ చేయాల్సిన అవసరం రాలేదు.

స్టీరింగ్ బాక్స్ మీద ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది, ప్లే తగ్గించడానికి. దాని జోలికి మీరు వెళ్ళకండి. ఇంటర్‌నెట్‌లో చూసి పావు తిప్పు తిప్పినవాళ్ళు ఆగరు, తేడా బాగుందని ఇంకో పావు తిప్పుతారు. చక్రాలు నేరుగా ఉండే స్థానంలో బాక్స్ ఎక్కువ బిగుసుకుంటే పైన చెప్పిన ఇబ్బందే వస్తుంది, పళ్ళు కూడా పాడైపోతాయి. మిగతా జాయింట్లన్నీ బాగున్నాయని తేలాకే, చక్రాలు నేరుగా ఉంచి, టార్క్ కొలిచి సర్దగలిగేవాళ్ళ చేత చేయించాలి.

వెనక వైపు

అలైన్‌మెంట్ అనగానే అందరూ ముందు చక్రాలే చూస్తారు. వెనక యాక్సిల్ ఛాసిస్‌కి అడ్డంగా, సూటిగా లేకపోతే బండి కొంచెం ఏటవాలుగా నడుస్తుంది, మీరు స్టీరింగ్ ఎప్పుడూ కాస్త తిప్పే ఉంచాలి. కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మధ్య బోల్టు తెగినా, యాక్సిల్‌ని వాటికి బిగించే యూ-బోల్టులు వదులైనా యాక్సిల్ ఒక పక్క ముందుకో వెనక్కో జరుగుతుంది. ముందు వైపు స్ప్రింగ్ కంటి బోల్టు నుంచి యాక్సిల్ దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి, కొన్ని మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే అనుమానించాల్సిందే. కమాన్ పట్టీల బుష్‌లు (కంటి బోల్టుల చుట్టూ ఉండే తొడుగులు) అరిగితే బాడీ యాక్సిల్ మీద పక్కకి జరుగుతుంది, లారీ గాలికి మీకు తోసినట్టు అనిపించేది చాలా వరకు ఇదే. బుష్‌లు బాగానే ఉండి, ఓవర్‌హ్యాంగ్ వల్ల ఊపు తగ్గకపోతే, యాక్సిల్‌ని ఛాసిస్‌తో అడ్డంగా కలిపే ట్రాక్ బార్ వేయించడం నిజంగా పనికొచ్చే ఖర్చు. మీ బండికి చివరికి ఇది కావాల్సి రావచ్చని నా అంచనా. కానీ తూకం, గాలి చూశాకే.

బండి ఎత్తు, క్యాస్టర్

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. క్యాస్టర్ అంటే చక్రం తిరిగే కీలు గీత, పైభాగం వెనక్కి వాలి ఉండే కోణం. ఆ వాలు వల్ల కీలు గీత నేలని తాకే చోటు, టైరు ఆనే చోటుకి ముందుంటుంది, బండి కదిలితే టైరు దాని వెనక లాగబడుతూ తనంతట తను సూటిగా అవుతుంది. వాలు ఎక్కువైతే స్టీరింగ్ మధ్యకి రావడం గట్టిగా ఉంటుంది, తిప్పడానికి కాస్త బరువు. తగ్గితే తిప్పడానికి తేలిక, కానీ హైవే మీద నిలకడ పోతుంది.

ఇప్పుడు బండి వెనక భాగం లేపండి, ఈ వాలు అంత తగ్గుతుంది. 4 మీటర్ల వీల్‌బేస్ మీద వెనక 70 మిల్లీమీటర్లు లేపితే సరిగ్గా ఒక డిగ్రీ క్యాస్టర్ పోతుంది. అంటే ఏమవుతుంది? వెనక స్ప్రింగులు కుంగిపోయిన బండికి అలైన్‌మెంట్ చేశారు, క్యాస్టర్ 4 వచ్చింది, పచ్చ. తర్వాత యజమాని కుంగిందని వెనక ఎయిర్ బ్యాగులు (స్ప్రింగులకి తోడుగా వేసే గాలి సంచులు) వేయించి లేపాడు. బండి చూడటానికి బాగుంది, క్యాస్టర్ 3కి పడింది, ఇంతకుముందు లేని ఊపు మొదలైంది. ఎయిర్ బ్యాగులని తిడతారు. తప్పు వాటిది కాదు, వరసది. ముందు ఎత్తు సరిచేయాలి, తర్వాత అలైన్‌మెంట్. పూర్తిగా ఎయిర్ సస్పెన్షన్ ఉన్న పెద్ద డీజిల్ బండ్లకైతే తయారీదారు ఇచ్చిన రైడ్ హైట్ కొలత ఉంటుంది, అది సరిచూడకుండా అలైన్‌మెంట్ చేసే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోవడమే మంచిది. అలాంటి ఒక బండికి హైట్ వాల్వ్ (బండి ఎత్తుని సర్దే వాల్వ్) కడ్డీ వంగి వెనక భాగం ఎత్తుగా ఉండిపోయింది, కడ్డీ సరిచేసేసరికి అది దారికొచ్చింది, ముందు చక్రాలు అసలు ముట్టుకోలేదు.

అలైన్‌మెంట్ షాపులో ఏం అడగాలి

కార్ల షాపు వద్దు. వాళ్ళ లిఫ్టు మీద బండి పట్టొచ్చేమో, కానీ ఇంత బరువు, ఈ యాక్సిల్ అలవాటు ఉండదు. బస్సులు, లారీలు చేసేచోటికి వెళ్ళండి. ప్రయాణంలో ఉండే బరువుతో, సరిచేసిన గాలితో వెళ్ళండి. పనికి ముందు కొలత, తర్వాత కొలత, రెండు ప్రింట్లూ ఇవ్వమనండి. రంగులు చూడకండి, అంకెలు చూడండి.

క్యాస్టర్ తయారీదారు పరిధిలోనే ఉంటూ ఎక్కువ వైపుకి ఉంచమని చెప్పండి. రెండు పక్కల మధ్య తేడా అర డిగ్రీ లోపు ఉండాలి, లేకపోతే క్యాస్టర్ తక్కువున్న పక్కకి బండి లాగుతుంది. క్యాంబర్‌కి దీనికి ఉల్టా, పాజిటివ్ ఎక్కువున్న పక్కకి లాగుతుంది. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే తీరు) మాత్రం చాలా జాగ్రత్తగా చూడాలి. మీది వెనక చక్రాలు లాగే బండి కాబట్టి ముందు చక్రాలు కొంచెం లోపలికి చూస్తూ ఉండాలి. ముందు బీమ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం) ఉన్న బండ్లకి మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్ల టో-ఇన్ మామూలు లెక్క, మీ ఛాసిస్ పుస్తకంలో ఏముందో దాన్నే పాటించండి. టో-అవుట్ అయితే, అంటే చక్రాలు బయటికి చూస్తుంటే, బండి ఎప్పుడూ ఏదో ఒక పక్కకి పోవాలనే చూస్తుంది. టో తప్పిందో లేదో టైరే చెప్తుంది. ట్రెడ్ మీద అడ్డంగా అరచేయి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రాయండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపపు పళ్ళలా గుచ్చుకుంటే టో తప్పినట్టే.

"క్యాస్టర్ సర్దలేం, దీనికి టో ఒక్కటే" అని షాపువాళ్ళు అనొచ్చు. ఛాసిస్‌ని బట్టి అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఫియట్ డుకాటో లాంటి ముందు చక్రాల డ్రైవ్, స్ట్రట్ సస్పెన్షన్ బండ్లకి మామూలుగా సర్దగలిగేది టో మాత్రమే. ఫోర్డ్ ఈ-450 అయితే క్యాస్టర్, క్యాంబర్ మార్చడానికి ఆఫ్‌సెట్ బుష్‌లు దొరుకుతాయి, అవి మార్చాలంటే పని ఉంటుంది కాబట్టి కొందరు "స్పెక్‌లోనే ఉంది కదా" అని దాటేస్తారు. ఫోర్డ్ ఎఫ్-53 లాంటి బీమ్ యాక్సిల్, కమాన్ పట్టీల బండ్లకి యాక్సిల్‌కీ పట్టీలకీ మధ్య ఏటవాలు షిమ్‌లు (లోహపు బిళ్ళలు) పెట్టి క్యాస్టర్ పెంచుతారు. మీది ఏ ఛాసిస్సో మీరు రాయలేదు, షాపుకి వెళ్ళేముందు అది తెలుసుకుని వెళ్ళండి.

ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంటే ఇంకో చిన్న పరీక్ష. ముందు టైర్లు రెండూ కుడి ఎడమ మార్చి చూడండి. టైర్ల మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మాత్రం ఇలా మార్చకూడదు. లాగే పక్క కూడా మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు.

ఇక డ్యాంపర్

మామూలు హైడ్రాలిక్ డ్యాంపర్ వణుకుని, గుంతల్లో వచ్చే ఝటకాని మింగుతుంది. బండిని మధ్యకి తీసుకురాదు, ఆ శక్తి దానికి లేదు. స్ప్రింగుతో మధ్యకి లాగే రకాలు వేరే ఉన్నాయి, అవి ఎదురు గాలిలోనో పక్క గాలిలోనో చేతులకి శ్రమ తగ్గిస్తాయి. అన్నీ సరిచేసిన బండికి అవి వేసుకుంటే దూర ప్రయాణంలో సుఖంగానే ఉంటుంది. అరిగిన టై రాడ్ మీద వేస్తే మాత్రం అరుగుదల మీకు తెలియకుండా దాచిపెడుతుంది. మీరు దాన్ని కనిపెట్టాల్సిన సమయానికి స్టీరింగ్ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, అది నాకు నచ్చని సంగతి.

నడపడం గురించి ఒక్క మాట. కారు నడిపి ఇటు వచ్చినవాళ్ళు బానెట్ ముందు పది మీటర్ల దూరంలోనే చూస్తూ ప్రతి చిన్న కదలికకీ దిద్దుతారు, బండి కదలిక సగం వాళ్ళ చేతులదే. చూపు దూరంగా పెట్టి, చేతులు వదులుగా ఉంచి, చిన్నచిన్నవి బండికే వదిలేసి చూడండి. ఇది మీకు వర్తించకపోవచ్చు, కానీ ఖర్చు లేని పరీక్ష.

అన్నీ అయ్యాక, ఈదురుగాలి లేని రోజు, ముందు నడిపిన రోడ్డు మీదే, అదే బరువుతో నడిపి చూడండి. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుకి వాలుగా ఉంటే బండి కొద్దిగా అంచు వైపుకి పోవడం సహజం, దాన్ని జబ్బు కింద లెక్కేయకండి. సూటిగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ చక్రం వంకరగా ఉంటే మాత్రం షాపుకి తిరిగి తీసుకెళ్ళి సరిచేయించండి, వాళ్ళు పని ముగించలేదన్నమాట. షిమ్‌లు గానీ, కమాన్ పట్టీల బుష్‌లు గానీ వేయించి ఉంటే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత యూ-బోల్టులు మళ్ళీ టార్క్ రెంచ్‌తో బిగించమనండి, అవి సర్దుకుని కొంత వదులవుతాయి.